కలరా ఉండల అయస్కాంతం నుంచి కాంతి బొంగరం దాకా: సూరి భగవంతం

చెన్నైతో ముడిపడిన తెలుగు ప్రముఖుల పేర్లు చెప్పమంటే మనకు చప్పున గుర్తొచ్చేది సినిమావాళ్లు. తర్వాత సంగీత విద్వాంసులు, పత్రికా సంపాదకులు, పొట్టి శ్రీరాములు. భౌతికశాస్త్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం తడుముకుంటాం. మేమూ తడుముకున్నవాళ్లమే. అందుకే ఈసారి ఆచార్య సూరి భగవంతం గురించి రాస్తున్నాం. ఆయన ఉద్యోగ జీవితం కలకత్తా, వాల్తేరు, హైదరాబాదు, బెంగళూరు, ఢిల్లీల మధ్య గడిచింది. మద్రాసుతో ఆయనకున్న బంధం చదువు బంధం. మెరీనా ఒడ్డున సెనేట్ హౌస్ పక్కగా వెళ్లే మన పిల్లలకు ఆ బంధం సంగతి తెలియాలని మా కోరిక.

భగవంతం 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. శోభనాచల నరసింహస్వామి కొండ ఉన్న ఊరే అది. అప్పటికి కృష్ణా జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. ఆంధ్ర విశ్వకళా పరిషత్తు 1926లో గానీ రాలేదు. అంతవరకు శ్రీకాకుళం నుంచి చిత్తూరు దాకా డిగ్రీ కావాలంటే మద్రాసు విశ్వవిద్యాలయమే దిక్కు. భగవంతం బీఎస్సీ చదివింది హైదరాబాదు నిజాం కాలేజీలో. నిజాం రాజ్యంలో ఉన్నా ఆ కాలేజీ కూడా 1887 నుంచి మద్రాసు విశ్వవిద్యాలయానికే అనుబంధం. అంటే నిజాం గడ్డ మీద చదివినా ప్రశ్నపత్రం మద్రాసుది, పట్టా మద్రాసుది. తర్వాత ఆయన ఎమ్మెస్సీ కూడా ఈ విశ్వవిద్యాలయానిదే. అటు నిజాం విద్యార్థినీ ఇటు కోస్తా విద్యార్థినీ ఒకే పరీక్షకు కూర్చోబెట్టిన నగరం ఇది. ఈ ఊళ్లో మనల్ని ఈనాడు అల్పసంఖ్యాకులుగా లెక్కించేటప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తుండదు.

1928 ఫిబ్రవరి 28. కలకత్తాలో సి.వి. రామన్, కె.ఎస్. కృష్ణన్ ద్రవాల గుండా చెదిరిన కాంతిలో కొత్త రంగును పట్టుకున్న రోజు. రామన్ ప్రెసిడెన్సీ కాలేజీ విద్యార్థి, కృష్ణన్ మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో పనిచేసి వెళ్లినవాడు. ఇద్దరికీ ఈ ఊరి నీళ్లు పడ్డాయి. ఆ ఏడాదే భగవంతం కలకత్తా వెళ్లి రామన్ శిష్యరికంలో చేరారు. అప్పటికి ఆయనకు పంతొమ్మిదేళ్లు కూడా సరిగ్గా నిండలేదు. దేశమంతటి నుంచీ కుర్రాళ్లు ఇండియన్ అసోసియేషన్ ప్రయోగశాలకు చేరుతున్న కాలమది. జీతాలు అంతంతమాత్రం, పరికరాలు చాలావరకు అక్కడే తయారు చేసుకున్నవి, పని మాత్రం రాత్రీ పగలూ.

ఆయన మొదట చేసిన పనుల్లో ఒకటి అయస్కాంతానికి సంబంధించింది. బట్టల పెట్టెల్లో పురుగు పట్టకుండా వేసే కలరా ఉండలు మనందరికీ తెలుసు. ఆ పదార్థం పేరు నాఫ్తలీన్. దాన్ని మెల్లగా స్ఫటికంగా పెరగనిస్తే చక్కని పలకలు వస్తాయి. ఇనుములాగా అయస్కాంతానికి అంటుకునే రకం కాదది. అయస్కాంతం దగ్గరికి తెస్తే కొద్దిగా, చాలా కొద్దిగా, వికర్షిస్తుంది. అయితే ఆ వికర్షణ అన్ని వైపులా ఒకేలా ఉండదు. స్ఫటికాన్ని సన్నని దారానికి వేలాడదీసి అయస్కాంత ధ్రువాల మధ్య ఉంచితే తనకు అనువైన వైపుకు తిరుగుతుంది. ఎంత బలంగా తిరిగిందో కొలిస్తే లోపల అణువులు ఏ వాలులో పేర్చి ఉన్నాయో తెలుస్తుంది. బెంజీన్ వలయాల్లో ఎలక్ట్రాన్లు ఏ ఒక్క పరమాణువు దగ్గరా కట్టుబడి ఉండకుండా వలయం చుట్టూ తిరుగుతుంటాయి. అందుకే వలయం తలానికి నిలువుగా అయస్కాంత ప్రభావం ఎక్కువ. ఈ కొలతల మీద భగవంతం రాసిన వ్యాసం 1929లో లండన్ రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో వచ్చింది. అప్పటికి ఆయన వయసు ఇరవై లోపు.

తర్వాతది ఇంకా పెద్ద సంగతి. కాంతి ఫోటాన్లనే పొట్లాలుగా వస్తుందని ఐన్‌స్టీన్ 1905లోనే చెప్పాడు. ఆ పొట్లానికి శక్తి ఉంది, తోపు ఉంది. మరి బొంగరానికి ఉన్నట్టు తన చుట్టూ తాను తిరిగే గుణం, అంటే స్పిన్, ఉందా? రామన్, భగవంతం కలిసి ద్రవాల్లో చెదిరిన కాంతి ధ్రువణాన్ని ఓపిగ్గా కొలిచారు. చెదిరేటప్పుడు అణువుకూ ఫోటాన్‌కూ మధ్య తిరుగుడు ఇచ్చిపుచ్చుకోవడం జరుగుతుంటే అది ధ్రువణంలో కనబడాలన్నది వాళ్ల ఆలోచన. ఫోటాన్‌కు స్పిన్ ఉంది, దాని విలువ ఒక క్వాంటం ప్రమాణం అని తేల్చారు. ఆ వ్యాసం 1931లో ఇండియన్ జర్నల్ ఆఫ్ ఫిజిక్స్‌లో, 1932లో నేచర్ పత్రికలో వచ్చింది. రామన్ ప్రభావం కథను పాఠ్యపుస్తకాలు చెప్పినంతగా ఈ కథను చెప్పవు. రామన్ పేరు ముందుండటం వల్ల, రెండో పేరు తెలుగువాడిదని మనలో చాలామంది గమనించలేదు కూడా.

ఇదే కాలంలో ఆయన వజ్రాల మీద కూడా పడ్డారు. వజ్రం రామన్ వర్ణపటాన్ని దాని నిర్మాణంతో ముడిపెట్టి 1930లో వ్యాసం ప్రచురించారు. పరిశుద్ధ కర్బనం ఇచ్చే ఒకే ఒక బలమైన గీతను చూసి లోపలి పరమాణువులు ఎలా కంపిస్తున్నాయో చెప్పడం ఆ పని.

వాల్తేరు పిలిచింది. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్ అయ్యాక సైన్సు విభాగాలను నిలబెట్టడానికి యువకులను ఏరి తెచ్చుకున్నారు. వాళ్లలో భగవంతం ఒకరు. రామన్ బాల్యం గడిచింది విశాఖలోనే. ఆయన తండ్రి అక్కడి ఏవీఎన్ కాలేజీలో పాఠాలు చెప్పారు. గురువు ఆడుకున్న సముద్రం ఒడ్డుకే శిష్యుడు ప్రొఫెసర్‌గా చేరాడన్నమాట. జయపూర్ విక్రమదేవ మహారాజు ఆర్థిక సాయంతో పెరిగిన సైన్సు కాలేజీలో ఆయన ఒక బడిని తయారు చేశారు. బడి అంటే గదులూ బల్లలూ కావు, ఒకే రకమైన ప్రశ్నలు వేసుకునే మనుషుల గుంపు. ద్రవాల్లో, స్ఫటికాల్లో అతిధ్వని తరంగాలు పంపి వాటి మీద కాంతి ఎలా వంగుతుందో చూసే పనులు అక్కడ సాగాయి. ఆయనతో కలిసి ఆ పని చేసినవారిలో బి. రామచంద్రరావు తర్వాత వాల్తేరులో అయనావరణ పరిశోధనకు పేరు తెచ్చారు.

యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయం కొంతకాలం గుంటూరుకు తరలింది. ఆ ఒడిదుడుకుల మధ్య నుంచే రెండు పుస్తకాలు వచ్చాయి. కాంతి చెదురుడు, రామన్ ప్రభావం మీద 1940లో ఒకటి. గ్రూపు సిద్ధాంతం, భౌతికశాస్త్రంలో దాని ఉపయోగాల మీద గణితవేత్త టి. వెంకటరాయుడితో కలిసి 1948లో రెండోది. రెండూ ఆంధ్ర విశ్వవిద్యాలయం ప్రచురణలే.

ఈ రెండో పుస్తకం దగ్గర కాస్త ఆగుతాం. ఎందుకంటే మా అభిప్రాయంలో భగవంతం అసలు ముద్ర ఇక్కడే ఉంది. ముగ్గు వేసే వాళ్లందరికీ సౌష్ఠవం అంటే ఏమిటో చేతికి తెలుసు. ముగ్గును పావు వంతు తిప్పినా అలాగే కనబడితే అది ఒక రకం. అద్దంలో చూసినా అదే అయితే ఇంకో రకం. స్ఫటికంలో పరమాణువుల పేర్పూ అంతే. ఎన్ని రకాలుగా తిప్పినా మారకుండా ఉండే పద్ధతులను లెక్క వేస్తే 32 తరగతులు వస్తాయి. ఈ లెక్క తెలిస్తే, ఒక స్ఫటికం మీద కాంతి వేసినప్పుడు ఎన్ని రామన్ గీతలు కనబడాలో, ఏవి కనబడవో ప్రయోగం చేయకముందే చెప్పవచ్చు. భగవంతం, వెంకటరాయుడు 1939లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రొసీడింగ్స్‌లో స్ఫటికాలకు ఈ పద్ధతిని చూపించారు. తర్వాతి తరాల విద్యార్థులు ప్రపంచమంతటా దాన్ని వాడుకున్నారు.

1948లో లండన్‌లోని భారత హైకమిషన్‌లో శాస్త్రీయ సంబంధాల అధికారిగా వెళ్లారు. తిరిగొచ్చి ఉస్మానియాలో చేరారు. 1952 నుంచి 1957 దాకా అక్కడ వైస్ ఛాన్సలర్. హైదరాబాదు రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చింది ఆ మధ్యలోనే. 1957లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టర్ అయ్యారు. 1933లో రామన్ కూర్చున్న కుర్చీ అది. అదే ఊళ్లో తన సొంత సంస్థలో గురువు ఇంకా పనిచేస్తూనే ఉన్నారు. 1961లో రక్షణ మంత్రికి శాస్త్రీయ సలహాదారు పదవి వచ్చింది. కృష్ణ మీనన్, చవాన్, స్వరణ్ సింగ్ ముగ్గురి కాలంలోనూ, అంటే రెండు యుద్ధాల గుండా, 1969 దాకా ఆ బాధ్యత మోశారు. హైదరాబాదులో రక్షణ పరిశోధన సంస్థలు వేళ్లూనుకున్నది ఆ దశకంలోనే. ఈరోజు చెన్నై నుంచి ఇంజనీరింగ్ చదివి హైదరాబాదు కంచన్‌బాగ్‌లో ఉద్యోగానికి వెళ్లే మన పిల్లలకు ఆ దారి వేసినవాళ్లలో ఆయన ఒకరు.

ఇంత పెద్ద పదవులు ప్రయోగశాలను మింగేశాయా? మింగాయనే చెప్పాలి. నలభై ఏళ్లు దాటకముందే ఆయన పరిపాలన వైపు మళ్లారు. దారానికి స్ఫటికం వేలాడదీసి కూర్చునే తీరిక మళ్లీ దొరకలేదు. మన దేశంలో మంచి శాస్త్రవేత్తను వెంటనే కుర్చీ ఎక్కించే అలవాటు ఉంది. దాని వల్ల సంస్థలు బాగుపడ్డాయి, కొలతలు ఆగిపోయాయి. ఏది లాభమో మేము తేల్చలేం. అయితే ఆయన కలం ఆగలేదు. 1964లో పి.వి. పంతులుతో కలిసి అయస్కాంత స్ఫటికాల సౌష్ఠవం మీద వ్యాసం రాశారు. 1966లో స్ఫటిక సౌష్ఠవం, భౌతిక ధర్మాల మీద ఆయన పుస్తకాన్ని లండన్‌లో అకడమిక్ ప్రెస్ అచ్చువేసింది. అప్పటికి ఆయన ఢిల్లీలో రక్షణ ఫైళ్ల మధ్య ఉన్నారు.

అయస్కాంత సౌష్ఠవంలో కొత్తదనం ఏమిటి? మామూలు స్ఫటికాన్ని తిప్పి చూస్తే చాలు. అయస్కాంతంలో ఇంకో మెలిక ఉంది. అయస్కాంతత్వం అంటే తిరుగుతున్న విద్యుత్తు. కాలాన్ని వెనక్కి నడిపితే ఆ తిరుగుడు ఎదురు దిశకు మారుతుంది, ఉత్తర ధ్రువం దక్షిణమవుతుంది. కాబట్టి ముగ్గును తిప్పడంతోపాటు కాలాన్ని తిప్పడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. అప్పుడు 32 తరగతులు 122 అవుతాయి. ఏ అయస్కాంత పదార్థంలో ఏ ప్రభావం సాధ్యం, ఏది అసాధ్యం అన్నది ఈ 122 గదుల పట్టిక చెబుతుంది.

ఇక్కడి నుంచి నేటి ప్రయోగశాలల్లోకి ఒక దారి ఉంది. మైకేల్ ఫారడే 1845లో బరువైన గాజు గుండా కాంతిని పంపి, పక్కన అయస్కాంతం పెట్టి, కాంతి ధ్రువణ తలం మెలితిరగడం చూశాడు. 1876లో జాన్ కెర్, మెరుగుపెట్టిన అయస్కాంత ధ్రువం మీద పడి వెనక్కి వచ్చిన కాంతిలో కూడా ఆ మెలిక ఉందని కనిపెట్టాడు. పంచదార పాకం కూడా కాంతిని తిప్పుతుంది కానీ, అదే దారిలో వెనక్కి పంపితే తిరిగింది విప్పుకుపోతుంది. అయస్కాంతం తిప్పినది విప్పుకోదు, రెండింతలవుతుంది. కాలం వెనక్కి తిప్పితే ఒకేలా ఉండకపోవడం అంటే ఇదే. కాంతిని ఒకవైపు మాత్రమే పోనిచ్చే తలుపులు దీనివల్లే సాధ్యమయ్యాయి. లేజర్లకు, ఆప్టికల్ ఫైబర్ పరికరాలకు అవి రక్షణ.

చిక్కు ఏమిటంటే ఇనుము, కోబాల్టు, నికెల్ మీద ప్రతిఫలించినప్పుడు వచ్చే మెలిక డిగ్రీలో కొద్ది భాగమే. దాన్ని పెంచడం ఎలా? జవాబు ఫారడే దగ్గరే ఉంది. ఆయనే 1857లో బంగారాన్ని కంటికి కనబడనంత సన్నని రేణువులుగా నీళ్లలో కలిపి, అది ఎర్రగా మారడం చూపించాడు. టి.నగర్ కొట్లలో పచ్చగా మెరిసే బంగారమే, మిల్లీమీటరులో లక్షో వంతు కొలతకు చిన్నదైతే కెంపు రంగు నీళ్లవుతుంది. రేణువులోని ఎలక్ట్రాన్లన్నీ కాంతి తాళానికి ఒకేసారి ఊగడం దానికి కారణం. ఉయ్యాలను సరైన అదనులో తోస్తే చిన్న తోపుకే ఎత్తుకు వెళ్లినట్టు, 520 నానోమీటర్ల దగ్గరి పచ్చ కాంతికి ఆ ఎలక్ట్రాన్లు విపరీతంగా ఊగుతాయి. ఈ ఊగును ప్లాస్మాన్ అంటారు. ఊగేటప్పుడు రేణువు అంచున విద్యుత్ క్షేత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది.

ఇప్పుడు రెంటినీ కలపండి. బంగారానికి ఊగడం బాగా వచ్చు, అయస్కాంతత్వం లేదు. కోబాల్టుకు అయస్కాంతత్వం ఉంది కానీ కాంతిని తాగేస్తుంది, ఊగు త్వరగా చల్లారిపోతుంది. రెండు బంగారు పొరల మధ్య పలచని కోబాల్టు పొర పెట్టి, లేదా నికెల్‌ను నానో బిళ్లలుగా చెక్కి, ప్లాస్మాన్ ఊగే రంగు కాంతి వేస్తే కెర్ మెలిక పెరుగుతుంది. అయస్కాంతంతో ప్లాస్మాన్‌ను, ప్లాస్మాన్‌తో అయస్కాంత ప్రభావాన్ని అదుపు చేయవచ్చు. రక్తంలో అతి కొద్దిగా ఉన్న ప్రొటీన్లను పసిగట్టే సెన్సర్ల కోసం ఈ పని జరుగుతోంది. ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మెలిక పెరిగిందని వచ్చే వార్తల్లో కొన్నిట్లో నిజంగా పెరిగింది మెలిక కాదు, ప్రతిఫలించిన కాంతి తగ్గడం వల్ల నిష్పత్తి పెద్దదిగా కనబడింది. అంకె చూసి మురిసిపోకూడదు.

భగవంతం పని ఇందులో రెండు చోట్ల తగులుతుంది. ఏ ఆకారపు నానో అమరికలో, ఏ దిశలో అయస్కాంతీకరిస్తే ఏ మెలిక రావడానికి వీలుందో ముందుగా చెప్పేది సౌష్ఠవ లెక్కే. రెండోది ఫోటాన్ స్పిన్. వృత్తాకార ధ్రువణం ఉన్న కాంతిని బంగారు రేణువు మీద వేస్తే, ఫోటాన్ల తిరుగుడు ఎలక్ట్రాన్లకు అంది, అవి వలయంగా తిరిగి, అయస్కాంతత్వం లేని బంగారం ఆ క్షణానికి అయస్కాంతమవుతుంది. దీన్ని విలోమ ఫారడే ప్రభావం అంటారు. 1960లలో వేరే పదార్థాల్లో చూసిన ఈ ప్రభావాన్ని ఇటీవలి ఏళ్లలో బంగారు నానో రేణువుల్లోనూ కొలిచారు. 1931లో కలకత్తాలో కొలిచిన ఆ తిరుగుడే ఇక్కడ పని చేస్తున్నది. రామన్ ప్రభావానికీ ఇదే ఊగు మేలు చేసింది. రామన్ కాంతి ఎంత బలహీనమంటే దాదాపు కోటి ఫోటాన్లకు ఒకటి వస్తుంది. గరుకు వెండి మీద అంటుకున్న అణువుల నుంచి అది బలంగా రావడాన్ని 1974లో ఇంగ్లండులో చూశారు. 1977 నాటికి అది వెండి ఉపరితలం మహిమేనని తేలింది.

చివరి దశాబ్దాల్లో ఆయన సత్యసాయిబాబా భక్తులయ్యారు. బాబా తెలుగులో చేసే ప్రసంగాలను వేదిక మీద ఇంగ్లీషులోకి అనువదించేవారు. ఒక భౌతికశాస్త్రవేత్త అలా చేయడం హేతువాదులకు నచ్చలేదు, ఘాటుగా విమర్శించారు. భక్తులకు ఆయన గర్వకారణం. రెండు వైపులవాళ్లూ ఆయన స్ఫటికాల గురించి మాట్లాడటం మానేశారన్నదే మా బాధ. అభివృద్ధి చెందుతున్న దేశాల సైన్సు కోసం ఏర్పడిన అంతర్జాతీయ సంఘంలోనూ ఆయన ఆ ఏళ్లలో పనిచేశారు.

1989 ఫిబ్రవరి 6న డెబ్భై తొమ్మిదో ఏట కన్నుమూశారు. ప్లాస్మానిక్స్ అనే మాట వాడుకలోకి వచ్చింది ఆ తర్వాతే. గిండీలోనో తారామణిలోనో ఫిజిక్స్ చదువుతున్న పిల్లలు మీ ఇంట్లో ఉంటే ఒక్క మాట చెప్పండి. వెంకటరాయుడితో కలిసి ఆయన రాసిన 1939 నాటి వ్యాసం ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ పాత సంచికల్లో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు.